చెల్లె గంజాయి అమ్మలే

మా పక్క గదిల ఉండే చెల్లె మొన్న ఐతారం పొద్దున చచ్చిపోయింది. జొరమొచ్చి పడుకున్నది, మళ్ల లేవలే. ఆమె పోయినంక సుత మా సందుల జనం ఆమెను గంజాయి అమ్మినామె అనే అంటున్నరు. అది అబద్ధం. చదివేటోళ్లు వినాలె అని చెప్తున్న. నాకు అక్షరం ముక్క రాదు, మా మనుమరాలు రాస్తున్నది. బిడ్డా, నేను తిట్టినకాడ తిట్టే రాయి, మంచిగ చెయ్యకు.

తోడబుట్టిన చెల్లె కాదు. బంగ్లాదేశ్ మనిషి. దొంగతనంగ సరిహద్దు దాటి వచ్చిందా అంటే, వచ్చింది. ఊరు నదిల కోసుకపోయిందట, మొగడు అంతకు ముందే పోయిండట. మాణికేశ్వర్ నగర్ల రేకుల గది కిరాయికి తీసుకొని యూనివర్సిటీ హాస్టళ్లల్ల చెత్త ఏరే పనికి కుదిరింది. నేను ఆ హాస్టళ్లల్లనే బోళ్లు తోమేదాన్ని.

ఆమె వచ్చినంక గుత్తేదారు మా అందరికి కూలి తగ్గించిండు. "కాయితాలు లేని మనిషి సగానికే చేస్తున్నది, మీకేమైంది?" అన్నడు. ఆడోళ్లందరు ఆమె మీద పడ్డరు. నేను గుత్తేదారు మీద పడ్డ. ఆ లొల్లిల నా పని పోయింది. ఆ సాయంత్రం చెల్లె చేపల కూర గిన్నె పట్టుకొని నా గడపల నిలబడ్డది.

"అక్కా, తిట్టు. తిట్టినంక తిను."

"ఏందే ఇది, చేపలకు ఆవాలేసినవు? కూరనా, తొక్కా?"

నవ్వింది. గిన్నె ఊడ్చి తిన్న. అప్పటి సంది ఒకరికొకరం.

హాస్టళ్ల చెత్తల గంజాయి పొట్లాలు, సగం తాగి పారేసినయి దొరికేవి. వాటిని పక్కకు ఏరి, మధ్యాహ్నం మా సందు గోడ పక్కన మంటేసి కాలబెట్టేది. "బస్తీ పోరగాండ్లు ఏరుకుంటరక్కా. మరిగినోడు తల్లినే కొడ్తడు" అనేది. ఆ పొగ సందులకు వచ్చేది. వాసన ఈడ వస్తున్నదంటే ఈమెనే అమ్ముతున్నది అనుకున్నరు జనం. నల్లా కాడ ఆమె బిందెను ఎనుకకు నూకిన్రు. కిరాణం కొట్టామె ఉప్పు ప్యాకెట్ సుత ఇయ్యలే.

అమ్మేటోళ్లు వేరే. బండి మీద ఇద్దరు వచ్చి గోడ కాడ ఇచ్చిపోతరు. ఇద్దరం చూసినం. "నడువు, పోలీసోళ్లకు చెప్దాం" అన్న.

"ఆధార్ కార్డేదంటరు. గంతే అక్కా, నన్ను పోలీసు బండెక్కించి సరిహద్దు దాటిస్తరు."

"నేను చూసిన అని నేనే చెప్తనే!"

"నీ పక్కగదిల ఎవరుంటరని అడగరా?"

ఈ సందుల నా నోరు మూయించింది ఆమె ఒక్కతే.

జొరమొచ్చినప్పుడు సర్కారు దవాఖానకు పోదామన్న. రెక్క పట్టి గుంజిన. మంచం పట్టె ఇడ్వలే. "కాయితాలు లేనోళ్లకు జొరం రావద్దక్కా" అని నవ్వింది. గోలీల కోసం తార్నాకకు పోయిన. ఎన్ని దవాఖానలు ఆ రోడ్డు మీద, లైట్లేసుకొని! చెల్లె కాలు పెట్టేది ఒక్కటి లేదు.

మట్టి చెయ్యనీకి చెత్త ఏరేటోళ్లే వచ్చిన్రు. సందుల నుంచి నేనొక్కదాన్ని. "పీడ పోయింది, ఇగ మన పోరగాండ్లు బాగుపడ్తరు" అన్నది కిరాణం కొట్టామె, నేను వింటుండంగనే.

నిన్న పొద్దుగూకేటప్పుడు గంజాయి అమ్మేటోళ్ల బండే మళ్ల వచ్చింది. నేను సందు నడుమ నిలబడి మొత్తుకున్న.

"రాండ్రే బయటికి! అమ్మింది చెల్లె అయితే వీడెవడు? వచ్చి చూడుండ్రి!"

"జరుగు ముసల్దానా" అన్నడు బండి మీదోడు. జరగలే. లైటు నా మొఖం మీద కొట్టిండు. ఒక్క తలుపు తెరుచుకోలే. ఎవరింట్లనో టీవీ సప్పుడు పెద్దగైంది. ఎనుకకు తిరిగి చూసిన. మూసిన తలుపుల నడుమ, సందు చివరిదాక, నా నీడ ఒక్కటే పడి ఉన్నది.