కాయితం బండా, తెలిసినోళ్ల బండా

ప్లేగు వచ్చిపోయిన మరుసటి సంవత్సరం మా ఇంట్లో బండి మాట మొదలైంది. బండి అంటే పాత వ్యాను. మేం బతకడానికి వలస వచ్చిన గుజరాతీ పట్నంలో, లింబాయత్‌లో మా గల్లీ చుట్టుపక్కల తెలుగువాళ్ల పిల్లలను పొద్దున బడికి తీసుకుపోవాలి, మధ్యాహ్నం తీసుకురావాలి. నడిపేది మా నాన్న, బాపు అనేవాళ్లం. ఇరవై రెండేళ్లుగా సాంచెల ఖాతాలో, అంటే మరమగ్గాల షెడ్డులో, మాస్టర్‌గా ఉన్న మనిషి, సాంచె చెడిపోతే బాగుచేసేవాడు, ఒకరోజు అన్నం ముందు కూర్చుని, "ఇగ సాంచెలు సాలు. బండి నడుపుకుంట బతుకుత" అన్నాడు. ఎందుకని ఎవరం అడగలేదు. సాంచెల మధ్య అన్నేళ్లు బతికినవాడు చాలు అంటే అందులో అడగడానికి ఏముంటుంది.

ఖాతాలో బాపుకు పెద్ద పేరు. నలభై సాంచెలు ఒక్కసారి ఆడుతుంటే గోడలు కూడా అదురుతాయి. ఆ హోరులో ఆయన గుమ్మం దగ్గర నిలబడి చాయ్ తాగుతూ, కిటికీ పక్కన మూడోది పాడైతున్నది, పోయి ఆపండి అని చేత్తో సైగ చేసేవాడు. పోయి చూస్తే నిజంగానే బోల్టు వదులై ఉండేది. ఖాతా యజమాని శేఠ్ వేరే ఖాతాల వాళ్లకు ఆయన చెవుల గురించి గొప్పగా చెప్పుకునేవాడు. నా చిన్నప్పుడు ఇంట్లో కుక్కర్ విజిల్ ఎన్నోదో కూడా బాపునే అడిగేవాళ్లం.

సాంచెల మధ్య గొంతు పనికిరాదు. అక్కడివాళ్లు పెదాలు కదుపుతారు, చేతులు తిప్పుతారు, ఎదుటివాడు మొహం చూసి అర్థం చేసుకుంటాడు. ఆ అలవాటు ఇంటిదాకా వస్తుంది. మా గల్లీలో మగవాళ్లు మాట్లాడితే ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకోవాలి, లేదంటే గొంతు చించుకోవాలి. ఊరి నుంచి కొత్తగా వచ్చిన చుట్టాలు రోజూ ఏదో కొట్లాట అవుతోందని భయపడేవాళ్లు.

బండ్లు రెండు చూశాం. ఒకటి ఉధనా రోడ్డు మీద ఒక డీలర్ దగ్గరిది. ఆయన పాత బండ్లను కడిగించి, మెకానిక్‌తో చూపించి, ఒక్కోదానికి గ్యారంటీ కాగితం ఇచ్చేవాడు. ఇంజను బాగుంది, మూడు నెలల్లో ఏమన్నా అయితే బాధ్యత మాదే అని గుజరాతీలో టైపు చేసి కింద గుండ్రటి ముద్ర. మున్సిపాలిటీ బడిలో గుజరాతీ మీడియం చదివినదాన్ని కాబట్టి ఆ కాగితం చదివే పని నాకు పడింది. అప్పుడు నాకు పద్దెనిమిదేళ్లు. ఇంట్లో చదువుకున్నదాన్ని నేనొక్కదాన్నేనన్న పొగరు బాగానే ఉండేది.

రెండోది సలాబత్‌పురాలో ఒక ముసలి యార్న్ వ్యాపారిది. బాపు ఖాతాకు దారం ఆయన దగ్గర నుంచే వచ్చేది. కొడుకులు కొత్త కారు కొన్నారు, ఇంట్లో ఉన్న వ్యాను అమ్మేస్తానని కబురు చేశాడు. ధర డీలర్ కన్నా బాగా తక్కువ. కాగితం లేదు, ముద్ర లేదు.

అవ్వ, అంటే మా అమ్మ, కాగితం వైపు. ఆమె ఎన్నడూ ఒక మాట మీద అంత గట్టిగా నిలబడగా నేను చూడలేదు. "కాయితమున్న బండే తీస్కుందాం" అని రోజుకు నాలుగుసార్లు అనేది. హజీరాలో కంపెనీ బస్సు నడిపే మా మామ, అంటే అవ్వ తమ్ముడు, ఆమెకు తోడయ్యాడు.

"బావా, తెలిసినోళ్ల బండి అంటె మొహమాటం. రేపు ఖరాబైతె పోయి అడుగుతవా?" అన్నాడు.

"కాయితం ఏం జేస్తది? ఇంజన్ మాట ఇనాలె. పన్నెండేండ్ల సంది గా దారం శేఠ్‌ను సూస్తున్న, ఒక్క బాబిన్ తక్కువియ్యలే."

"అయితే నేనొచ్చి జర ఇంటా. రోజూ ఇంజన్ల మీదనే గద నా బతుకు."

"ఇంజన్ నేను ఇననా?" అన్నాడు బాపు. మామ నోరు మూసుకున్నాడు. బాపు చెవుల మీద మాట అనే ధైర్యం ఎవరికుంది.

ఆదివారం బాపు, నేను సలాబత్‌పురా పోయాం. ఇరుకు సందులో, గోడకు ఆనించి ఉంది వ్యాను, తెల్లది. వ్యాపారి ధోతీ సర్దుకుంటూ వచ్చి తానే తాళం తిప్పాడు. ఇంజను అందుకుంది. అందుకున్న మరుక్షణం నుంచి లోపల ఏదో టక్‌టక్ టక్‌టక్ అని కొట్టుకుంటోంది. బండ్ల గురించి నాకు ఓనమాలు రావు. అయినా ఆ చప్పుడు మంచిది కాదని నాకే తెలిసింది. అరుగు మీద కూర్చున్న ఒకామె కూడా తలెత్తి చూసింది.

బాపు సీటు ఎత్తి, కిందున్న ఇంజను మూత మీద అరచెయ్యి పెట్టాడు. కళ్లు మూసుకున్నాడు. ఖాతాలో సాంచె మీద అలాగే చెయ్యి పెట్టడం నేను చిన్నప్పుడు ఎన్నోసార్లు చూశాను. అది ఆయన పద్ధతి అనుకునేదాన్ని.

వ్యాపారి వంగి, నోట్లో పాన్ నములుతూ, "ఆ అవాజ్ సంభళాయ్ ఛే నే?" అని అడిగాడు. ఈ చప్పుడు వినబడుతోంది కదా అని. పాపం మంచివాడు. చప్పుడు దాచలేదు, దాన్ని చూపించే ధర తగ్గిద్దామనుకున్నాడు.

బాపు కళ్లు తెరిచి ఆయన మొహం చూశాడు. పాన్ నిండిన బుగ్గ, నోటి మీదికి దిగిన తెల్ల మీసం. బాపు నవ్వి, "సారు ఛే, శేఠ్. బౌ సారు ఛే" అన్నాడు. బాగుంది, చాలా బాగుంది.

వ్యాపారి నా వైపు చూశాడు. నేను నేల చూశాను. రేపు చెప్తామని హిందీలో ఏదో అని బాపు చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చాను. సందు మలుపులో కావాలనే రెండడుగులు వెనకబడి, మామూలు గొంతుతో "బాపూ" అన్నాను. ఆగలేదు. మళ్లీ అన్నాను. మూడోసారి అరిచాను. ఆయన తన దారిన పోతున్నాడు. వెనక నుంచి ఆటో ఒకటి హారన్ మీద హారన్ కొడుతూ వస్తుంటే కూడా పక్కకు జరగలేదు. పరుగెత్తి పోయి చొక్కా పట్టి గోడ వైపు లాగాను. ఆటోవాడు బూతులు తిట్టి పోయాడు. ఆ తిట్లు ఆయనకు వినబడలేదు.

బాపు నా మొహం చూశాడు. నాకు తెలిసిపోయిందని ఆయనకు తెలిసింది.

పక్కనే చాయ్ బండి ఉంటే అక్కడ కూర్చున్నాం. నాకు ఏడుపు వచ్చింది, కోపం కూడా వచ్చింది. ఇంట్లో ఇంతమందిమి ఉండి ఏం చూస్తున్నట్టు అని నా మీద నాకే.

"నాలుగేండ్లాయె. ముందు ఎడమది పోయింది. ఇగ ఇప్పుడు రెండు పోతున్నయి" అన్నాడు.

"మరి ఖాతల ఎట్ల?"

"ఖాతల ఎవ్వలకు ఇనవడ్తది బిడ్డ? అందరు పెదవులే సూస్తరు. సాంచె మీద చెయ్యి వెడితె రోగమేందో తెలుస్తది, ఇంజన్ మీద వెడితె తెల్వలే. మీరు తెలుగుల మాట్లాడితె మూతి సూసి పట్టుకుంట. గుజరాతీ నాకు మూతుల మీద రాదు." కప్పు కింద పెట్టాడు. "ఖాత శేఠ్‌కు తెలిసెలోపట నా అంతల నేను ఎల్లిపోదామనుకున్న. చెవులు పోయిన మాస్టరని పంపిస్తె ఆ మాట నేను పడలేను."

"బండ్లె చిన్న పిల్లలుంటరు బాపు. హారన్ ఎట్ల ఇంటవు?"

"అద్దంల సూసుకుంట నడుపుత" అన్నాడు. అని, తన మాట తనకే నచ్చనట్టు మొహం తిప్పుకున్నాడు. లేచేటప్పుడు, "ఇంట్ల చెప్పకు" అన్నాడు. సరేనని నేను అనలేదు.

సాయంత్రం మామ వచ్చి కూర్చున్నాడు. అవ్వ బియ్యం చెరుగుతోంది. "ఏమాయె బావా? కాయితం బండా, తెలిసినోళ్ల బండా?" అని అడిగాడు మామ. బాపు ఇంజను నా ముందే విన్నాడు కదా, నేనేమంటానో అని అందరూ నా వైపు తిరిగారు. బాపు కూడా చూశాడు. అవ్వకు, మామకు నా వీపు మాత్రమే కనబడేలా మంచినీళ్ల కుండ వైపు జరిగి, గొంతు లేకుండా పెదాలు మాత్రం కదిపాను. వద్దు బాపు. ఏ బండీ వద్దు.

ఆయన చదివాడు. చదివి, మామ వైపు తిరిగాడు.

"బండే వద్దు" అన్నాడు మామతో. "నాతోని కాదు. ఈ వయసుల గీ ట్రాఫిక్‌ల భయమైతది."

మామ పకపకా నవ్వాడు. "గింతేనా మాస్టర్ సాబ్? నెల రోజులాయె నా పానం తింటున్నవ్." మళ్లీ మళ్లీ అదే మాట అని నవ్వాడు. భయస్థుడన్న పేరు బాపు ఆ రోజు నా ముందే నెత్తిన పెట్టుకున్నాడు, ఒక్క మాట ఎదురు అనకుండా. ఆయన సాంచెల నుంచి బయటపడే దారి మూసింది నేను. చెయ్యాల్సిందే చేశానని తెలుసు. అయినా ఆ నవ్వు వింటూ కూర్చోవడం నా వల్ల కాలేదు.

ఇంకో రెండు నెలలకు బాపు తానే శేఠ్‌కు చెప్పుకున్నాడు. శేఠ్ తిట్టలేదు, పంపలేదు. మాస్టర్ పని తీసేసి, నేసిన బట్టలో లోపాలు చూసి మడతపెట్టే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. ఆ పని కుర్రాళ్లు చేసేది. మొదటిరోజు బాపు పనికి పోయాక ఇక దాచడం ఎందుకని అవ్వకు అంతా చెప్పాను. అవ్వ గిన్నె తోముతూనే ఉంది.

"నాకు తెల్సు" అంది.

"ఎప్పటిసంది?"

"రెండేండ్లు దాటింది. గందుకే కాయితం బండి అన్న. కాయితమైతె నువ్వు సదువుతవ్. చెవులతోని పనిలేదు."

నాకు ఒళ్లు మండింది. "పిల్లలను ఎక్కించుకొని నడిపేటోడు. తెలిసి కూడ ఊకున్నవా?"

"ముందు సీట్ల నేను కూసుందామనుకున్న. హారన్ ఇనవడంగనె మీద చెయ్యి వెడుదునని." అది సరిపోయే మాట కాదని ఆమెకూ తెలిసినట్టుంది, తల ఎత్తలేదు.

"మరి ఆయనకెందుకు చెప్పలే? నీకు తెల్సని?"

అవ్వ గిన్నె కింద పెట్టింది. "పెండ్లయి ఇరవయ్యేండ్లు గోడ దిక్కు సూసుకుంటనే నాతోని మాట్లాడిండు బిడ్డ. నేను మాట్లాడితె నా మొకం సూసుడు గీ రెండేండ్ల సందే. చెప్తె సిగ్గువడి అది గూడ బంద్ వెడ్తడని చెప్పలే."

ఆమె పక్కన కూర్చుని మిగిలిన గిన్నెలు కడిగాను.