ఎదురు గోడ దగ్గరి కుర్చీ

మా పై అంతస్తులో ఉండే సివిక్స్ మాస్టారు పోయారు. పొద్దున కాఫీ కలుపుతుంటే వాళ్ళబ్బాయి వచ్చి తలుపు కొట్టాడు. "అత్తయ్యగారూ, నాన్న లేవడం లేదండీ," అన్నాడు.

సౌదీలో, ఈ అల్ ఖోబర్‌లోనే ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పి, పదవీ విరమణ చేశాక కొడుకు దగ్గరే ఉండిపోయారాయన. మా పిల్లలకు సెలవురోజైన శుక్రవారాలు తెలుగు నేర్పే చిన్న బడి ఆయన మొదలుపెట్టిందే. దాన్ని నడిపే పెద్దల కమిటీలో నేనూ ఉన్నాను. హాజరు పట్టీ నాది. ఎవరు ఏ వారం ఆలస్యంగా వచ్చారో ఇప్పటికీ చెప్పగలను.

మొదటి సమావేశంలో ఎవరో ఆయన్ని 'శాశ్వత అధ్యక్షులు' అన్నారు. మాస్టారికి కోపం వచ్చింది.

"శాశ్వతం ఏమిటండీ? ప్రధానమంత్రికైనా సభ నమ్మినన్నాళ్ళే కుర్చీ. ఐదేళ్ళకు రాసిచ్చిన కౌలు కాదు. నమ్మకం పోయిన రోజు చెప్పండి, దిగిపోతాను."

ఒకసారి చెప్పాల్సి వచ్చింది. కమిటీని అడక్కుండా ఆయన పిల్లలకు పరీక్షలు ప్రకటించారు. పరీక్షలు నాకూ ఇష్టమే. అడక్కపోవడం ఇష్టం లేదు. అవిశ్వాసం నేనే పెట్టాను. చేతులు సరిసమానంగా లేచాయి. మిగిలింది మాస్టారి భార్య. ఆవిడ ఆయన వంక ఒకసారి చూసి, మా వైపే చెయ్యెత్తారు.

"మాస్టారూ, రాత్రికి అన్నం పుడుతుందా?" అని ఎవరో ఏడిపించారు.

"నాయకుడు దిగితే మంత్రుల శాఖలన్నీ పోతాయి. వంటశాఖ ఒక్కటే పోదు," అని నవ్వి, తన కుర్చీ తానే ఎత్తుకెళ్ళి ప్రతిపక్షంలా ఎదురు గోడకు వేసుకున్నారు. కమిటీ నన్ను నాయకురాల్ని చేసింది, పరీక్షలు ఆగిపోయాయి. మరుసటి శుక్రవారం అక్కణ్ణుంచి చెయ్యెత్తి, "అమ్మగారూ, పరీక్షల్లేకుండా పిల్లలకు వచ్చిందో లేదో ఎలా తెలుసుకుంటారు?" అని అడిగారు. ఆ ఏడంతా అడుగుతూనే ఉన్నారు. బడి బాగుపడింది. తరవాత మళ్ళీ ఆయన్నే ఎన్నుకున్నాం. ఎదురు గోడ దగ్గరికి నేను మారాను.

ఇండియాలో, సొంతూళ్ళో అంత్యక్రియలు ముగించుకుని తల్లీకొడుకులు తిరిగొచ్చాక సంతాప సభ పెట్టుకున్నాం. ఒకాయన లేచి, వాళ్ళబ్బాయిని ఏకగ్రీవంగా నాయకుణ్ణి చేయడమే మాస్టారికి మనమిచ్చే గౌరవం అన్నారు. చప్పట్లు మొదలయ్యాయి.

నేను లేచాను. "ఒప్పుకోను."

"పోయిన మనిషి పటం ముందు తగవేంటి మామ్మగారూ?"

"ఆ మనిషి కోసమే తగవు. కుర్చీ ఆయన ఆస్తి కాదు, కొడుక్కి రావడానికి. అబ్బాయి సమర్థుడే కావచ్చు. నిలబడమనండి. ఇంకెవరైనా నిలబడతారేమో అడగండి."

"మీకు మనసు లేదా?" అన్నారు ఇంకొకరు.

ఉంది. అందుకే కూర్చోలేదు. ఎంతమంది గుర్రుగా చూసినా కూర్చోలేదు.

చివరికి మాస్టారి భార్య నోరు విప్పారు. "వదినగారు చెప్పింది నిజం. ఆయనుంటే ఈపాటికి కేకలేసేవారు. ఓటు పెట్టండి."

గోడవార నుంచి మా బడిలో పాఠం చెప్పే నిజామాబాద్ అమ్మాయి లేచింది. "నేను నిలబడ్త. చిన్న పిల్లలకు అచ్చులు దిద్దిపిచ్చేది నేనే గద!"

తరవాతి శుక్రవారం మాస్టారి అబ్బాయికీ, ఆ అమ్మాయికీ మధ్య చేతులెత్తాం. ఆ అమ్మాయే గెలిచింది. అందరూ నా వైపే చూస్తున్నారు. చూడనీ అనుకున్నాను.

మాస్టారి అబ్బాయి లేచాడు. తన కుర్చీ తానే ఎత్తుకుని వచ్చి, ఎదురు గోడకు, నా పక్కన వేసుకున్నాడు. నేను కాస్త జరిగాను. కుర్చీ నాలుగు కాళ్ళూ నేలకు ఆనకముందే అతని చెయ్యి పైకి లేచింది.

"అధ్యక్షా, ఒక ప్రశ్న."