జ్ఞానస్నానం లేని పసివాళ్ల చోటు

ఈ పరాయి దేశంలో మేముండే బుకిట్ పంజాంగ్ పేటలో, మా పక్క బ్లాకులో ఒక అంకుల్ ఉండేవారు. రిటైరయ్యాక శనివారం మధ్యాహ్నాలు తమ ఫ్లాట్‌లో పదిమంది తెలుగువాళ్లను కూర్చోబెట్టి, తెలిసినవాళ్ల చేత ఏదో ఒక విషయం మీద మాట్లాడించేవారు. నేనూ నా భార్యా కొన్నాళ్లు వెళ్లాం. అంతకు ముందు ఏడాది మాకు ఒక పాప పుట్టి మూడో రోజున పోయింది. ఆ సంగతి అంకుల్‌కు తెలుసు. ఆ శనివారం మాట్లాడిన పరిశోధకుడికి తెలియదు.

అతనిది వరంగల్. ఇక్కడి యూనివర్సిటీలో మధ్యయుగాల క్రైస్తవ తత్వవేత్తల మీద పని చేస్తున్నాడు. మాటకారి. ఒకరి ప్రాణం కాపాడడానికైనా అబద్ధం ఆడితే పాపమే అన్న వాదం చెప్పాడు. మతం తప్పినవాణ్ణి చంపడం న్యాయమే అన్నవాళ్ల సంగతి చెప్పాడు. అందరూ హుషారుగా వాదించుకున్నారు. నేనూ నవ్వాను.

తర్వాత పసిపిల్లల సంగతి ఎత్తుకున్నాడు. జ్ఞానస్నానం, అదే బాప్తిస్మం, చేయించకముందే పోయిన బిడ్డలు నరకంలోనే ఉంటారని, అయితే వాళ్లకు అన్నిటికన్నా తక్కువ శిక్ష అని పాతవాళ్లు రాశారట. తర్వాతి వాళ్లు కాస్త మెత్తబడి, వాళ్లకు నరకం అంచున వేరే చోటు చూపించారట. అక్కడ నొప్పి ఉండదు, దేవుడి దర్శనమూ ఉండదు, ఎప్పటికీ. అలాంటి బిడ్డలను చర్చి శ్మశానంలో పూడ్చనిచ్చేవారు కాదట.

“ఆ రోజుల్ల గదే పెద్ద దయ అనుకున్నరు. ఏం పోగొట్టుకున్నరో వాళ్లకు తెల్వది కాబట్టి దుఃఖం లేదని లెక్క” అన్నాడు.

“ఆ పిల్లలకి తల్లి గుర్తుంటుందా?” అని నా భార్య అడిగింది.

ఆ ప్రశ్న ఎవరూ వేసినట్టు లేదని అతను అన్నాడు. చాలా మంచి ప్రశ్న అని మెచ్చుకున్నాడు కూడా.

ఆ మెప్పు నేను భరించలేకపోయాను. ఇంత రోత సంగతిని అంత ఇష్టంగా ఎలా చెబుతున్నావని అడిగాను. గొంతు లేచింది. అవి తన మాటలు కావని, పుస్తకాల్లో ఉన్నదే చెప్పానని అతను అన్నాడు. రాసినవాడు సన్యాసి, చదివేవాడు బ్రహ్మచారి, బిడ్డను మోసిన మనిషి ఒక్కరూ ఆ పుస్తకాల దరిదాపుల్లో లేరన్నమాట అని ఇంకా ఏదేదో అన్నాను. అంకుల్ నా భుజం మీద చెయ్యి వేసి అతనికి మెల్లగా మా విషయం చెప్పబోతే, ఆ చెయ్యి తోసేసి బయటికి వచ్చేశాను. నా భార్య వెనకే వచ్చింది.

కింద బ్లాకు నీడలో సిమెంటు బల్ల దగ్గర ఆగాం. ఆమె తరఫున పోట్లాడానని నాకు లోపల కాస్త గర్వంగానే ఉంది. ఆమె కూర్చోలేదు.

“అతను ఎప్పుడో వందల ఏళ్ల కిందట పోయినవాళ్ల మాటలు చెప్పాడు. మీ అమ్మ నా మొహం మీదే అంది. అప్పుడు మీకీ కోపం రాలేదేం?”

కాన్పుకని ఒంగోలు నుంచి వచ్చిన అమ్మ, ఆసుపత్రి మంచం పక్కన నిలబడి, “పోయిన జన్మలో ఏ తల్లి కడుపు కొట్టావో” అంది. నేను అక్కడే ఉన్నాను. కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాను. పళ్లు రాని బిడ్డకు దహనం లేదు, కర్మ లేదు, తల్లి రాకూడదు అని కూడా అమ్మే చెప్పింది. నేనూ వస్తానని నా భార్య చీర మార్చుకుంటుంటే, నీరసంగా ఉన్నావు, వద్దులే అన్నాను. ఇద్దరు ఆఫీసువాళ్లతో వెళ్లి పూడ్చి వచ్చాను. ఏ వరసలో పూడ్చానో ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

మర్నాడు అమ్మకు ఫోన్ చేశాను. ఆ మాట అన్నందుకు కోడలికి క్షమాపణ చెప్పమన్నాను. “పెద్దలు చెప్పిందే చెప్పాను, ఆ మాట నేను పుట్టించానా?” అని అమ్మ ఫోన్ పెట్టేసింది. నాతో నాలుగు నెలలు మాట్లాడలేదు. ఇప్పటికీ నా భార్యతో మాట్లాడదు.

అంకుల్ సంగతి చెప్పాక పరిశోధకుడు క్షమించమని ఇద్దరికీ మెసేజ్ పెట్టాడు. నేను జవాబివ్వలేదు. నా భార్య ఇచ్చింది. ఆ కాలపు తల్లులు ఏం చేసేవారని అతన్ని అడిగింది. కొన్నిచోట్ల బిడ్డల ఎముకలు చర్చి గోడల వారనే దొరికాయని, కప్పు మీంచి జారే వాననీళ్లే వాళ్లకు జ్ఞానస్నానం అవుతాయని అక్కడ పూడ్చి ఉంటారని కొందరు అనుకుంటారని అతను రాశాడు. ఆమె అది నాకు చూపించి, ఫోన్ తీసేసుకుంది.

ఆ తర్వాతి ఆదివారం శ్మశానానికి తీసుకెళ్లమంది. గేటు దగ్గర టాక్సీ ఆగాక వరస నంబరు ఆమెకు చెప్పి, నేనూ దిగి నడవబోయాను.

“మీరు ఇక్కడే ఉండండి” అంది.

ఎండలో గంటకు పైగా నిలబడ్డాను. తిరిగి వచ్చాక ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. మోచేతుల దాకా పాప సమాధి మీది మట్టి. తుడుచుకోమని రుమాలు ఇస్తే తీసుకోలేదు.