బాలస్వామి నిండు గ్లాసు

ఓర్వకల్లులో మెకానిక్ షెడ్డు నడిపే బాలస్వామికి ఉన్నది ఒకటే పిచ్చి. ఏ బండినైనా మజ్జిగ గ్లాసుతోనే కొలుస్తాడు. అంచుదాకా పోసిన స్టీలు గ్లాసు అరచేతిలో పెట్టుకుని వెనక సీట్లో కూర్చుంటాడు, బండి పోనిమ్మంటాడు. చుక్క తొణికిందా, ఆ బండి ఇంకా బాగుపడనట్టే. ఇంజను ఎంత బాగా పలికినా, బ్రేకులు ఎంత బాగా పట్టినా ఆయనకు లెక్కలేదు. నిండు కుండ తొణకదని పెద్దలు అన్నారు గానీ, వాళ్ళెవరూ ఓర్వకల్లు రాళ్ళ దారిలో కుండ పట్టుకుని ప్రయాణం చేసినట్టు లేదు.

ఈ పిచ్చి రిపేరుకొచ్చిన బండ్లతో ఆగలేదు. కర్నూలు బస్సెక్కినా గ్లాసు తీస్తాడు. పక్కన కూర్చున్నవాళ్ళు లేచి నిలబడి పోతారు. ఎద్దుల బండిని పరీక్షించాడు, ట్రాక్టరును పరీక్షించాడు, చివరికి కొత్త పెళ్ళికొడుకు అత్తారింటికి పోతూ పంక్చరేయించుకోను ఆగితే వాడి మోటారుసైకిలునూ పరీక్షించాడు. ఒకసారి ఎవరిదో అంబులెన్సు టీ కోసం ఆగింది. డ్రైవరు టీ తాగి వచ్చేసరికి మా బాలస్వామి లోపల స్ట్రెచరు మీద వెల్లకిలా పడుకుని, గుండెల మీద గ్లాసు పెట్టుకుని, కొంచెం దూరం పోయి రమ్మని బతిమాలుతున్నాడు. అన్నింటిలోనూ తొణికింది. ఆయన భార్య ప్రసన్నకుమారక్క బాధ వేరు. మా ఇంటాయన చొక్కాలు నానబెడితే బకెట్లో వెన్న తేలుతుందని ఊరంతా చెప్పుకుంటుంది.

నేను ఆ గ్లాసు బారిన పడింది మా పెదనాన్న రామకోటయ్య వల్ల. ఆయనకు నందికొట్కూరులో నూనె అంగడి. బెంగుళూరులో ఎవరో వదిలించుకుంటున్న పాత విదేశీ కారును ముచ్చటపడి కొన్నాడు. వయసులో నాకంటే రెండేళ్ళు పెద్దది. దానికి మామూలు స్ప్రింగులుండవు. నాలుగు చక్రాల దగ్గర నాలుగు ఇనుప గుండ్లు, వాటిలో గ్యాసు, దాన్ని ఒత్తుతూ నూనె. ఆ ఒత్తిడి మీదే కారంతా తేలుతుంది. స్టార్టు చేస్తే మెల్లగా పైకి లేస్తుంది, లోపల మీట లాగితే నేలకు ఆనేంత కిందికి వంగుతుంది. ఆ వంగడం చూసే మా పెదనాన్న పడిపోయాడు. కొత్త అంగడి ప్రారంభం నాడు జనమంతా చూస్తుండగా తను కారులోంచి దిగాలి, కారు వంగి దండం పెట్టాలి. అది ఆయన జీవితాశయం.

ముహూర్తం ఇంకా నెల ఉందనగా కారు లేవడం మానేసింది. వెనక ఎడమపక్క కుంగి, మందలో కుంటి గొర్రెలా నిలబడింది. నడిపితే చాలు, మిరపకాయ బజ్జీల వాసన. నేను దాన్ని ఓర్వకల్లులో బాలస్వామి షెడ్డుకు తోలుకుపోతుంటే నందికొట్కూరు నుంచి కుక్కలు వెంటపడ్డాయి, కర్నూలు దాకా ఒక్కొక్క ఊరి కుక్కలు వంతులవారీగా సాగనంపాయి.

బాలస్వామి బానెట్ ఎత్తి, నూనె డబ్బా మూత తీసి, వేలు ముంచి, నాలుక మీద రాసుకున్నాడు.

"ఎవురప్పా దీంట్లో శెనగనూనె పోసింది?"

"మా పెదనాయన. నూనె తగ్గిందంట."

"నూనె తగ్గితే అంగట్లోది పోస్తారా?"

"అది రెండుసార్లు వడగట్టింది అన్నా."

బాలస్వామి నా ముఖం చూశాడు, కారును చూశాడు. "తాళింపు గూడా ఏసినాడా, లేదా?" అని అడిగాడు.

తర్వాత ఓపిగ్గా చెప్పాడు. దీనికి పోయాల్సింది వేరే పచ్చరంగు నూనె. వంటనూనె తగిలి లోపలి రబ్బర్లు ఉబ్బిపోయాయి, సన్నగొట్టాల్లో జిగురు కట్టింది. అదంతా కడగాలి. గుండ్లలో గ్యాసు కూడా పోయింది. గ్యాసు లేని గుండు రాయితో సమానం. ఆ గుండ్లను గోనెసంచిలో వేసుకుని కర్నూలులో ఫ్రిజ్జులు బాగుచేసే దేవేంద్రప్ప దగ్గరికి పోయాము. టైర్లలో కొట్టే గాలి దీనికి చాలదు. ఫ్రిజ్జు గొట్టాలు లీకున్నాయా అని చూసేందుకు ఆయన దగ్గర పెద్ద నైట్రోజన్ సిలిండరుంది, దాంతో నింపించాడు. రబ్బర్లు మద్రాసు నుంచి తెప్పించాడు. మూడు వారాలకు కారు మళ్ళీ లేచింది. అయిపోయిందని నేను సంబరపడ్డాను. బాలస్వామి గ్లాసు తీశాడు.

తారురోడ్డు మీద పరీక్ష ఆయనకు పనికిరాదు. రాతిగుట్టల మధ్యనుంచి చర్చికి పోయే దారి ఒకటుంది, నాలుగు మైళ్ళు. దాన్ని దారి అనడం ఆ ఊరివాళ్ళ మంచితనం. మొదటిరోజు ఆయన ఎడమతొడ తడిసింది. తడి చూసి, వెనక ఎడమగుండు ఇంకా గట్టిగా ఉందని తేల్చాడు. రెండోరోజు చొక్కా తడిసింది, ముందు గుండ్లను అనుమానించాడు. మూడోరోజు నా మెడ తడిసింది. గుండ్ల సంగతేమిటని అడిగితే, ఈసారి లోపం డ్రైవరులో ఉందన్నాడు.

ముహూర్తం ఆదివారం మధ్యాహ్నం పన్నెండూ ఇరవైకి. శనివారం సాయంత్రం పరీక్షలో అరచెంచా తొణికింది. నేను చేతులెత్తి దండం పెట్టి కారు ఇచ్చేయమన్నాను. ఆయన వినలేదు. కారు ఎత్తు సరిచూసే వాల్వు దగ్గర కడ్డీ తుప్పుపట్టి ఒకచోట తగులుకుంటోందట, అది తీసి నునుపు చేయాలట.

"అరచెంచాకు ఎవురు సస్తారన్నా?"

"సావరు. నొస్తాది," అన్నాడు.

కారుకు నొప్పేమిటో నాకు అర్థం కాలేదు. పెదనాన్నకు ఫోను చేస్తే, వ్యాపారస్తుడు కదా, క్షణంలో ఉపాయం చెప్పాడు: గ్లాసులో కొంచెం తక్కువ పోసుకోమను. ఆ మాట చేరవేసేసరికి బాలస్వామి పానా తీసుకుని కారు కిందికి దూరాడు.

ఆదివారం పొద్దున ఏడింటికి పోయేసరికి షెడ్డులో కారు లేదు. ప్రసన్నకుమారక్క పట్టుచీర కట్టుకుని చర్చికి బయలుదేరుతోంది. కారేదక్కా అంటే, పరీక్షకు పోయిందప్పా అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. సరుకు కోసం పొద్దున్నే కర్నూలుకు వచ్చి ఉన్న పెదనాన్నకు ఫోను చేసి, కారు దొంగతనమైంది, చర్చి దారిలో ఉంది, వెంటనే రమ్మని చెప్పి, షెడ్డులో ఉన్న ఎవరిదో బండి తీసుకుని రాళ్ళ దారిలో పడ్డాను.

గుట్ట మలుపులో కారు కనబడింది. నత్తలా పోతోంది. ఈసారి బాలస్వామి వెనక సీట్లో లేడు, స్టీరింగు దగ్గర ఉన్నాడు. వెనక సీట్లో ఎముకల పోగులాంటి ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. ఒళ్ళో పెద్ద బూడిద గుమ్మడికాయ, కుడిచేతిలో నిండు గ్లాసు. నేను అడ్డంగా బండి నిలిపి, నోటికొచ్చినట్టు అనబోతుంటే ఆమే పలకరించింది.

"ఎవురు నాయనా, కారు నీదేనా? సల్లగుండు. పానం కదలనీలేదు."

ఆమె పేరు విశ్వాసమ్మ. మూడేళ్ళ కింద తుంటి ఎముక విరిగింది. అతికిందే గానీ, కుదుపు తగిలితే ప్రాణం పోయినంత పని. అప్పటినుంచి ఏ ఏడూ కోత పండుగకు చర్చికి పోలేకపోయింది. ఈరోజే ఆ పండుగ. తను పండించిన మొదటి కాయను తన చేత్తోనే దేవుడి ముందు పెట్టాలని ఆమె పట్టు. వేరేవాళ్ళతో పంపమంటే ఒప్పుకోదు.

"ఆ పొద్దు ఆస్పత్రికి ఆటోలో తీసకపోయింది నేనేనప్పా," అన్నాడు బాలస్వామి, రోడ్డు మీదినుంచి చూపు తిప్పకుండా. "అవ్వ చేతిలో మజ్జిగ గ్లాసు ఉండె. అది తొణికినప్పుడల్లా అరిసింది. తొణకనిచోట అరవలే."

నాకు బస్సు గుర్తొచ్చింది, ఎద్దుల బండి గుర్తొచ్చింది, స్ట్రెచరు మీద వెల్లకిలా పడుకున్న మనిషి గుర్తొచ్చాడు. మూడేళ్ళుగా ఈయన వెతుకుతున్నది ఈ ఒక్క సీటు కోసమని అప్పుడు తెలిసింది. నాకు సిగ్గేసింది. బండి పక్కకు తీశాను.

చర్చి ముందు కారు ఆగింది. బాలస్వామి మీట లాగాడు. కారు మెల్లగా, మర్యాదగా, నేలకు ఆనేదాకా వంగింది. విశ్వాసమ్మ కాలు ఎత్తే పనిలేకుండా కింద పెట్టి, అడ్డదారిన అప్పటికే వచ్చి ఉన్న ప్రసన్నకుమారక్క భుజం పట్టుకుని దిగింది. గ్లాసు అక్కకిచ్చింది. నిండుగానే ఉంది.

సరిగ్గా అప్పుడే అదే దారిలో మా నూనె డబ్బాల ఆటో ఎగురుతూ వచ్చింది. అందులోంచి పెదనాన్న నడుం రెండు చేతులతో పట్టుకుని, కొక్కెంలా వంగి దిగాడు. తిట్టాలని నోరు తెరిచాడు గానీ, వచ్చిన దారి కుదుపులకు ఆయన పళ్ళు ఇంకా టకటకలాడుతున్నాయి. నేను చెవిలో సంగతంతా చెప్పాను. ఆయన కారును చూశాడు, ముసలమ్మను చూశాడు, తన నడుం తడుముకున్నాడు.

"ఈ దారినా?" అన్నాడు. అంతే, మరి తిట్టలేదు.

ఆ చర్చిలో కానుకల వేలం ప్రార్థనకు ముందే అయిపోతుంది. తర్వాత పెడితే కానుకగా వచ్చిన కోళ్ళు ప్రార్థనలో కూస్తాయి. విశ్వాసమ్మ తన చేత్తో దేవుడి ముందు పెట్టిన గుమ్మడికాయ పాట మొదలవగానే పెదనాన్నలోని వ్యాపారి మేలుకున్నాడు. అంగడికి దిష్టి తగలకుండా కట్టే గుమ్మడికాయ మరిచాడు మరి. ఎవరో వంద అంటే, ఈయన ఒక డబ్బా నూనె అన్నాడు. ఇంకెవరూ నోరెత్తలేదు. కాయ ఆయనదైంది. డబ్బా దింపుతుంటే బాలస్వామి పక్కకు వచ్చి, ఇది తినేదేనని చర్చి పెద్దలకు గట్టిగా చెప్పి ఇవ్వమన్నాడు.

టైము చూసి నేను తొందరపెట్టాను. కారు తాళాలు బాలస్వామి చేతిలోనే ఉన్నాయి. ఆయన వాటిని పెదనాన్న ముందుకు చాపాడు. పెదనాన్న తీసుకోలేదు.

"ప్రార్థన ఎప్పుడైతాది స్వామీ?"

"ఒంటిగంటకు."

"మల్ల ఆయమ్మ ఇంటికి పోయేదెట్ల?" అని, గుమ్మడికాయ ఒళ్ళో పెట్టుకుని ఆటోలోనే ఎక్కాడు.

పన్నెండూ ఇరవైకి కొత్త అంగడి ముందు దండం పెట్టే కారు రాలేదు. అయినా జనానికి లోటేమీ జరగలేదు. నడుం పట్టేసిన పెదనాన్న ఆటోలోంచి నేలకు ఆనేంత వంగి దిగాడు. ఎంత వినయమో చూడండని మెచ్చుకుని అందరూ ఎదురు దండాలు పెట్టారు. విశ్వాసమ్మ కాయ గుమ్మానికి వేలాడింది.

ఇప్పుడు ప్రతి శనివారం సాయంత్రం పెదనాన్న బాలస్వామికి ఫోను చేస్తాడు. కారు ఎడమపక్క కొంచెం తొణుకుతాండాది, రేపు పొద్దున ఆ చర్చి దారిలోనే ఒకసారి పరీక్ష చేయి అంటాడు. తీసుకుపోయేది నేనే, వెనక సీట్లో గ్లాసు పట్టుకునేది విశ్వాసమ్మ. పదకొండు ఆదివారాలైంది, కారులో ఇంతవరకూ ఒక్క లోపమూ దొరకలేదు. అయినా వచ్చే ఆదివారం మళ్ళీ చూడాలట.