బూట్లు రాని ఏడాది

కాలేజీలో మాకు ఆటలు నేర్పిన పీడీ మాస్టారు పోయారన్న కబురు గుమ్మలక్ష్మీపురం దగ్గర నేను పనిచేసే ఆశ్రమ బడికి ఫోన్లో వచ్చింది. పిల్లలు ప్రార్థనకు వరసలో నిలబడి ఉన్నారు. ఫోన్ చేసింది కొండమ్మ. అరకులో కాలేజీ రోజుల్లో నాతోపాటు పరిగెత్తిన మనిషి. "మాస్టారు పోయారే. బేగి రా" అని పెట్టేసింది. బస్సులో కూర్చున్నంతసేపూ ఆమె ముందు ఎలా నిలబడాలా అన్నదే నా బెంగ.

తొంభైల్లో మా కాలేజీకి మైదానం ఉందిగాని ఆటకు కావలసినదేదీ లేదు. అన్నీ మాస్టారే అడిగి తెచ్చేవారు. ఆదివారం మా ఇద్దరినీ వెంటబెట్టుకుని ఏ దుకాణానికో, రిటైరైన ఏ ఆఫీసరు ఇంటికో వెళ్ళేవారు. మొదటిసారి ఏమీ అడిగేవారు కాదు. టీ తాగి, వాళ్ళ పిల్లల చదువులు కనుక్కుని వచ్చేసేవారు. పోటీ అయ్యాక మా చేత వాళ్ళకు కార్డు రాయించేవారు. ఒకసారి ఓడిపోయి వచ్చి, "ఏటి రాయమంటారు మాస్టారూ?" అన్నాను. "గెలిస్తే పేపరోడు రాస్తాడు. ఓడిపోయావని నువ్వే సెప్పాల. ఆల్లు నీ మనుషులు కదా" అన్నారు.

మాకు బూట్లు ఇచ్చేది ఒక కాఫీ వ్యాపారి. మంచివాడే. మేం రాసిన కార్డులు కొట్లో బల్ల అద్దం కింద పెట్టుకునేవాడు. ఆ ఏడు యూనివర్సిటీ పోటీలకు ముందు, తన ఇంటికి విశాఖ నుంచి అతిథులు వస్తున్నారని, భోజనాల వేళ మేమొచ్చి మా కొండల థింసా నాట్యం ఆడాలని కబురు పెట్టాడు.

మాస్టారు మమ్మల్ని పిలిచి ఉన్నదున్నట్టు చెప్పారు. "ఆడదాం, ఏటవుతాది" అంది కొండమ్మ. నేను ఒప్పుకోలేదు. "పండక్కి మా ఊళ్ళో మేం ఆడుకుంటాం మాస్టారూ. ఆల్లు తింటంటే మేమెందుకు ఆడాల?" అన్నాను. ఆయన "సరే, నేను సెప్పుకుంటాను" అని లేచారు. వ్యాపారి దగ్గర నా పేరు ఎత్తలేదు. పంపడం తనకే ఇష్టం లేదన్నారు. ఆ ఏడు బూట్లు రాలేదు.

మా ఇద్దరికీ కలిపి పాత జత ఒక్కటే మిగిలింది. పోటీ రోజు కొండమ్మ దాన్ని నా ముందు పెట్టి, "నీ పరుగు దూరం. నువ్వేసుకో. నాకు ఉత్తికాళ్ళు అలవాటే" అంది. ట్రాక్‌లో ఎక్కడో ఉన్న మేకు ఆమె కాల్లో దిగింది. ఎవరికీ చెప్పలేదు. జ్వరం ముదిరాక ఆసుపత్రిలో రెండు వేళ్ళు తీసేశారు. ఆమె మళ్ళీ పోటీకి దిగలేదు.

మాస్టారు నన్ను ఏనాడూ ఒక్క మాట అనలేదు. అదే నన్ను తినేసేది. ఆ తర్వాత ఆయన ముంచింగిపుట్టు సంత దాకా తిరిగి దర్జీలనీ, టీ కొట్టువాళ్ళనీ, అల్లం వ్యాపారులనీ కలిశారు. కొత్తవాళ్ళ దగ్గర కూర్చుంటే కొండమ్మ కాలి సంగతి తనే మొదలుపెట్టేవారు. "ఒక్క మనిషి మీదే ఆనుకున్నాను బాబూ. అది నా తప్పు. మీరందరూ తలో కొంచెం పట్టండి." ఇక మా కాలేజీ పిల్లలెవరూ ఉత్తికాళ్ళతో పరిగెత్తలేదు. అయినా ప్రతి పోటీకి ముందు ఆయన వంగి, అరచేత్తో ట్రాక్ తడుముతూ ఒక చుట్టు తిరిగేవారు. రిటైరయ్యాక కూడా పొద్దున్నే ఒక్కరే అలా తడుముతూ కనబడేవారట.

దహనం అయ్యాక కొండమ్మా నేనూ కాలేజీ మైదానం గట్టున కూర్చున్నాం. ఇన్నేళ్ళూ అడగలేనిది అప్పుడు అడిగాను.

"ఆ రోజు నేను ఆడి ఉంటే..."

"నాకూ ఆడాలని నేదు. మాస్టారి మొహం సూడలేక సరే అన్నాను. నువ్వు కాదన్నావు, హమ్మయ్య అనుకున్నాను."

"మరి ఇన్నాళ్ళూ సెప్పలేదేం?"

"నువ్వెప్పుడు అడిగావు?" అంది. "ఆయనా అడగనేదు."

మంచు దిగుతోంది. కొండమ్మ లేచి మైదానంలోకి నడిచింది. పది అడుగుల్లో కనబడకుండా పోయింది. ఒక అడుగు బరువుగా, ఒకటి తేలికగా పడుతున్న చప్పుడు మాత్రం దూరమవుతూ, ట్రాక్ అవతలి వంపు దగ్గర సన్నగిల్లింది. అది మళ్ళీ నా వైపు తిరుగుతుందేమోనని గట్టు మీద నిలబడే ఉన్నాను.