ఎల్‌కేజీ లిస్టులో నా బిడ్డ పేరు

సంఘమంతటికీ ప్రభువు నామంలో వందనాలు. సహోదరులారా, ఇక్కడ నిలబడి చాలామంది దేవుడు తమకు ఏమిచ్చాడో చెప్పారు, నేను మాత్రం ఆయన నన్ను దేనిలోంచి విడిపించాడో చెప్పడానికి వచ్చాను, మధ్యలో ఏడిస్తే కాస్త ఓపిక పట్టండి.

మాది జనగామ దగ్గర పల్లె. పెళ్లయ్యాక పట్నమొచ్చి ఉప్పల్‌లో కిరాయికి దిగాం, నాకు నాచారంలో ఒక ఇంటర్నేషనల్ స్కూల్లో, అడ్మిషన్ల ఆఫీసులో ఉద్యోగం దొరికింది. ఆరేళ్లు ఎదురుచూశాక దేవుడు మాకొక కూతుర్నిచ్చాడు, పేరు జెస్సీ. ఆ బడిలో ఎల్‌కేజీ సీటంటే మాటలు కాదు! డిసెంబరులో ఫారాలిచ్చే రోజున గేటు తెరవకముందే కార్లు బారులు తీరతాయి, జనవరిలో పిల్లల్ని ఒక గదిలో టీచరు దగ్గర కూర్చోబెట్టి రంగులూ బొమ్మలూ అడుగుతారు, పక్క గదిలో ప్రిన్సిపాల్ మేడం తల్లిదండ్రుల్ని మీరేం చదివారు, ఇంట్లో ఏ భాష మాట్లాడతారు అని అడుగుతుంది, ఆ తర్వాత లిస్టు పెడతారు. సీటు రానివాళ్లు వెయిటింగ్ లిస్టులో ఉంటారు. సీటు వచ్చినవాళ్లలో ఎవరైనా మానుకుంటే ఆ పేరు కొట్టేసి, వెయిటింగ్‌లో మొదట ఉన్నవాళ్లకు ఫోన్ చేసి పిలవడం నా పని. స్టాఫ్ పిల్లలకని ఒక సీటు ఉండేది, ఆ ఏడాది అది మా జెస్సీకి వచ్చింది. ఫారం నేనే నింపాను. తల్లి పేరు అన్నచోట నా పేరు రాసి రెండుసార్లు చదువుకున్నాను సహోదరీలారా, అంత సంతోషం!

ఏప్రిల్‌లో జెస్సీకి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమేననుకుని గల్లీ డాక్టరు దగ్గర మందు తెచ్చాం, నాలుగో రోజుకు పెద్ద దవాఖానాలో చేర్చాం, మీరంతా ఉపవాసముండి ప్రార్థించారు, నేను మరచిపోలేదు. ఆరో రోజు మధ్యాహ్నం నా ఒళ్లోనే కన్నుమూసింది. కొత్త యూనిఫాం ఇంకా టైలరు దగ్గరే ఉంది.

ఆ రోజు నుంచి నేను దేవునితో మాట్లాడటం మానేశాను. బైబిలు తీసుకెళ్లి బియ్యం డబ్బా వెనక పెట్టాను. పాస్టరుగారు ఇంటికొస్తే లోపలి గదిలో కూర్చున్నాను. కంట్లో ఒక్క చుక్క రాలేదు, మా ఆయన ఏడుస్తుంటే చూస్తూ ఉండేదాన్ని.

మే నెలలో డ్యూటీకి వెళ్లాను. రిజిస్టరు తెరిస్తే నా బిడ్డ పేరు నా చేతిరాతలోనే ఉంది. ఆ పేరు కొట్టేయాలి, వెయిటింగ్‌లో మొదటివాళ్లకు ఫోన్ చేయాలి. పెన్ను తీసి, కొట్టేయకుండానే రిజిస్టరు మూసేశాను.

వెయిటింగ్‌లో మొదటి పేరు అనూష. వాళ్లమ్మ సుజాత మల్లాపూర్‌లో ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేసేది. అదే ఫ్యాక్టరీలో ఆమె భర్త కుడిచెయ్యి ప్రెస్ మిషన్ కింద నలిగిపోతే, ఆ ఓనరు బాధపడి, ఈ ఏడాది సీటొస్తే మీ పాప చదువు నేను చూసుకుంటానని మాటిచ్చాడట. అందుకని సుజాత వారం వారం వచ్చేది.

"అక్కా, ఎవరన్న మానుకున్నరా? జర సూడు అక్కా."

"లేదమ్మా, ఎవరూ మానలే" అనేదాన్ని, తలెత్తకుండా.

అబద్ధం సహోదరులారా! నా బిడ్డ కూర్చోని చోట ఇంకొకరి బిడ్డ ఎందుకు కూర్చోవాలి? అదే విషం నాలో నిండిపోయింది. జూన్‌లో బడి తెరిచారు, నేను కొట్టేయని ఆ పేరు హాజరు పట్టీలోకి కూడా ఎక్కింది. రోజూ పొద్దున టీచరు హాజరు తీస్తూ జెస్సీ పేరు పిలుస్తుందని, ఎవరూ పలకరని ఆ క్లాసులో పనిచేసే ఆయమ్మ వచ్చి చెప్పింది. ఆ పేరు ఇంకా పిలుస్తున్నారు కదా అని నాకు లోపల తృప్తిగా ఉండేది! బడిలో అందరికీ తెలుసు, నా మొహం చూసి అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

అవి తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. జులైలో ఒకరోజు బంద్. పిల్లలకు సెలవిచ్చారు, ఆఫీసులో నేనొక్కదాన్నే ఉన్నాను. బస్సుల్లేవు, ఆటోల్లేవు, సుజాత మల్లాపూర్ నుంచి నడిచి వచ్చింది, అనూష చంకలో ఉంది. నేను అలవాటుగా లేదమ్మా అనబోయాను. ఆమె సీటు సంగతే ఎత్తలేదు.

"అక్కా, నీ బిడ్డ పోయిందని మొన్న వాచ్‌మన్ జెప్పిండు. నాకెర్కలేక ఇన్నిసార్లొచ్చి నిన్ను సతాయించిన. మాఫ్ జెయ్యి అక్కా. గదే జెప్పిపోదామని వచ్చిన. అన్నం తింటున్నవా? మస్తు సిక్కినవ్."

అని నా భుజం మీద చెయ్యి వేసి, పాపను ఎత్తుకుని వెళ్లిపోయింది. మాఫ్ చెయ్యమని ఆమె నన్ను అడిగింది సహోదరులారా, ఆమె నన్ను!

తలుపు వేసుకుని నేలమీద కూలబడ్డాను. మూడు నెలలుగా నోటికి రాని ప్రార్థన ఇలా వచ్చింది: "ప్రభువా, నీ మీద నా కోపం తీరలేదు, నీ దగ్గర అబద్ధమాడను. కానీ ఈ తల్లిని ఏడిపించింది నువ్వు కాదు, నేనే. నా చెయ్యి లేవడం లేదయ్యా, నువ్వే పట్టుకుని రాయించు." ఎంత ఏడ్చానో తెలియదు, జెస్సీ పోయాక అదే మొదటి ఏడుపు. లేచి రిజిస్టరు తీశాను. వంకర పోకూడదని స్కేలు పెట్టి గీశాను, నా బిడ్డ పేరు కదా!

బయటికి పరుగెత్తాను. షట్టర్లన్నీ మూసి ఉన్న ఆ రోడ్డు మీద వాళ్లు చాలా దూరం వెళ్లిపోయారు, కేకేసి ఆపి, రొప్పుతూ ఉన్నదంతా చెప్పేశాను.

"ఏమంటున్నవ్ అక్కా? మే నెల సంది సీటు ఉన్నదా?"

"ఉన్నది. నేనే దాచిన."

ఆమె పాపను కిందికి దించింది. "మా ఆయన చెయ్యి వోయిననాడు గూడ నేను ఏడ్వలే. నువ్వు లేదన్నప్పుడల్ల ఇంటికి వోయి ఏడ్సిన."

చెయ్యి పట్టుకోబోతే విడిపించుకుంది. పాపను మళ్లీ ఎత్తుకుని వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున్నే పాప ఫొటోలు, పుట్టిన తేదీ కాగితం పట్టుకుని వచ్చింది. నేను రాజీనామా రాసుకుని మేడం ముందుకెళ్లాను. ఆమె చదివి పక్కన పెట్టి, "తప్పు చేశావమ్మా. కానీ అడగకుండా ఊరుకున్నాం, మాదీ తప్పే" అంది. నన్ను అడ్మిషన్ల నుంచి తీసేసి లైబ్రరీకి పంపింది. అనూష ఆ వారమే క్లాసులో కూర్చుంది. సుజాత నన్ను క్షమించిందో లేదో నాకు తెలియదు, గేటు దగ్గర కనిపిస్తే తల ఊపుతుంది, అంతే, అంతకంటే అడిగే హక్కు నాకు లేదు.

ఆ బంద్ రోజు సాయంత్రమే బైబిలు బయటికి తీశాను. మా ఆయనా నేనూ ఒకరి పక్కన ఒకరం కూర్చుని మొదటిసారి కలిసి ఏడ్చాం, కలిసి ప్రార్థించాం. దేవునికే మహిమ!

మాకు మళ్లీ బిడ్డ పుట్టలేదు. జెస్సీని ఎందుకు తీసుకున్నావని ఇప్పటికీ అడుగుతుంటాను, ఆయన ఇంకా చెప్పలేదు. కానీ ఇంకొక తల్లి బిడ్డను చూసి మండిపోయే ఆ మనసు నుంచి నన్ను విడిపించాడు, అందుకు నా ప్రాణమున్నంత కాలం ఆయనకు స్తోత్రం. మీలో ఎవరైనా దేవుని మీద కోపంతో వెనక వరుసలో కూర్చున్నారేమో, కోపం తగ్గాక వద్దామని ఆగకండి, ఆ కోపంతోనే రండి, ఆయన వింటాడు, నా మొర విన్నాడు. బళ్లు తెరిచే రోజులు దగ్గరపడ్డాయి, చిన్నపిల్లలు కొత్త బట్టలతో గేటు దాటి వస్తుంటారు, ఆ నాలుగు రోజులు నాకు కష్టం. నా కోసం ప్రార్థన చేయండి.