భూపాలపల్లి చేరని పద్యం

భూపాలపల్లిలో ప్రాచీన భాషల పండుగ చేస్తున్నారని, తెలుగు, సంస్కృతం, తమిళం, కన్నడం ఒకే వేదికెక్కుతాయని తెలిసిన రోజు నుంచి మా నాన్న కాలు ఒకచోట నిలవలేదు. ఆయన మహబూబాబాద్‌లో దర్జీ. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, గొంతెత్తితే తెలుగు పద్యం. చుట్టుపక్కల ఊళ్లలో నాటకాలాడి, జనం "వన్స్ మోర్" అన్నప్పుడల్లా మళ్లీ అందుకున్న మనిషి. పండుగలో ఒక్క పద్యం పాడమని పిలిచారు. ఆ మరుసటి వారమే గొంతుకు ఆపరేషన్, తర్వాత పాట రాదని డాక్టర్ ముందే చెప్పేశాడు. ఉన్న గొంతంతా ఆ పద్యానికే దాచుకోవాలని నాన్న మాట్లాడటం మానేశాడు. చాయ్ కావాలన్నా సైగే. తోడు వెళ్లకపోతే నాకు నిద్ర పడుతుందా?

పండుగ రోజు నేనుండే జనగామలో తెల్లవారుజామున ప్యాసింజర్ ఎక్కాను. తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు, ఏ రోజు రైలు కదులుతుందో, ఏ రోజు పట్టాల మీద జనం కూర్చుంటారో ఎవరికీ తెలియదు. అదృష్టం, ఆ రోజు కదిలింది. ముసురు పట్టి, కిటికీ బయట పత్తి చేలు నిద్రలో నడుస్తున్నట్టు వెనక్కి పోతున్నాయి. మహబూబాబాద్‌లో దిగేసరికి నాన్న ఇస్త్రీ షేర్వానీలో పెళ్లికొడుకులా నిలబడి ఉన్నాడు. బస్సులు లేవు. నాన్న వీధిలో ఉండే సైదులన్న జీపు పన్నెండు వందలకు కుదిరింది. గూడూరు, నర్సంపేట, ములుగు, ఘనపూర్ మీదుగా మధ్యాహ్నానికి చేరుస్తానన్నాడు. ఆ హడావుడిలో తినడానికి ఏమీ కట్టుకోలేదు.

గూడూరు దాటి అడవి మొదలయ్యాక దారి ఆగిపోయింది. నడిరోడ్డు మీద రాళ్ల పొయ్యిలు, వాటి మీద పెద్ద పెద్ద గంజులు, చుట్టూ జెండాలు. వంటావార్పు! రోడ్డు మీదే వండి, రోడ్డు మీదే తిని బండ్లను ఆపే నిరసన. పొయ్యిల పొగ, చెట్ల మీది ముసురు కలిసిపోయి, మనుషులు సగం కనిపిస్తున్నారు, సగం కనిపించడం లేదు.

"సాయంత్రం దాక ఏ బండి పోదన్నా," అన్నారు జెండాలు పట్టుకున్న కుర్రాళ్లు.

"నీ యవ్వ, ఇయ్యాల్నే దొరికిందా మీకు!" అని సైదులన్న తల పట్టుకున్నాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. నాన్న మాత్రం చెప్పులు విడిచి వెళ్లి పొయ్యి పక్కన కూర్చున్నాడు. ఆకలి మరి.

పప్పుచారు కలుపుతున్న ఒక అవ్వ ఆయనకు విస్తరి వేసింది. "ఏడికి పోతున్రు బిడ్డా, గింత తయారై?" అని నన్నడిగింది. చెప్పాను.

"భాషల పండుగనా? మంచిగనే ఉన్నది," అంది గంటె ఆపి. "సినిమాల మేం మాట్లాడినట్టు మాట్లాడితే నవ్వుతరు. మా అవ్వ మాట్లాడిన మాటకు గా పండుగల జాగ ఉంటదా?"

నాన్న చేయి కడుక్కున్నాడు. ఆమె వైపు తిరిగి గొంతు సవరించుకున్నాడు. ఆయన ఏం చేయబోతున్నాడో నాకు అర్థమైంది. "అబ్బాజాన్, వద్దు!" అని చేయి పట్టుకున్నాను. మెల్లగా విడిపించుకుని లేచి నిలబడ్డాడు.

పద్యం ఎత్తుకున్నాడు. వాన మీద ఆయనే కట్టుకున్న పద్యం. గొంతులో జీర ఉంది, పై స్థాయిలో ఒకచోట తెగింది, మళ్లీ అతుక్కుంది. రాగం అడవిలోకి పోయి పోయి, ఎక్కడ ఆగిందో తెలియలేదు. గంజులో ఉడుకు చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. నేను ఏడ్చాను, సిగ్గేం లేదు.

"వన్స్ మోర్!" అని అరిచారంతా. నాన్న నవ్వి, గొంతు మీద చేయి పెట్టి, తల అడ్డంగా ఊపాడు.

"పెద్దమనిషి పండుగకు పోవాలె, జర తొవ్వియ్యిన్రి," అని అవ్వ గదిమితే కుర్రాళ్లు రాళ్లు జరిపారు. సైదులన్న హుషారుగా ఇంజన్ స్టార్ట్ చేశాడు.

నాన్న వెనక్కి వేలు చూపించాడు, మహబూబాబాద్ వైపు. "చలో బేటీ, ఘర్ కు జాయింగే. హోగయా," అన్నాడు. ఇంటికి పోదాం, అయిపోయింది అని. అన్ని రోజుల తర్వాత నాతో ఆయన అన్న మొదటి మాట అది. గొంతు అప్పటికే గాలిలా అయింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. రాష్ట్రమూ వచ్చింది. పాట మాత్రం రాలేదు. ఆ పండుగ ఎలా జరిగిందని ఎవరైనా అడిగితే నాకు తెలియదనే చెబుతాను, కానీ చూడలేదని బాధపడను. ఆ దారిన వెళ్లేవాళ్లకు ఒక్క మాట: నర్సంపేట దాకా సరైన హోటల్ ఉండదు, తినడానికి ఏదైనా కట్టుకుని, వానాకాలంలో పొద్దున్నే బయల్దేరండి. మొన్న మేమిద్దరం అలాగే సద్ది కట్టుకుని బస్సులో వెళ్లాం. ఆ చోటు రాగానే నాన్న నా భుజం తట్టి, కిటికీ వైపు తిరిగి నోరు తెరిచాడు. చప్పుడు రాలేదు. పెదాలు మాత్రం పద్యం చివరిదాకా కదిలాయి.

నేను ఆయన చెవి దగ్గరికి వంగి, "వన్స్ మోర్" అన్నాను.